ఊరి క్రాస్‌లో ప్రమాదాలు తగ్గాలంటే ప్లాను ఎలా వేసుకోవాలి?

కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా అనంతపురం పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, ఊరి దారి వచ్చి కలిసే ఏ క్రాస్‌లోనైనా దిగి టీ కొట్టులో అడగండి, ఒక చావు సంగతి చెప్తారు. 2021 ఫిబ్రవరిలో వెల్దుర్తి దగ్గర మినీ బస్సు డివైడర్ దాటి లారీని ఢీకొని 14 మంది పోయినప్పుడు రాష్ట్రమంతా మాట్లాడుకుంది. అదే ఏదో ఒక ఊరి క్రాస్‌లో ఏడాదికొకరు చొప్పున పోతే ఆ ఊళ్లోవాళ్లు తప్ప ఎవరూ మాట్లాడరు. మర్నాడు రోడ్డు మీద బైఠాయిస్తారు, స్పీడ్ బ్రేకర్ వేయిస్తామని ఎవరో మాటిస్తారు, లేచి ఇళ్లకు పోతారు. ఈ పద్ధతి చూసి చూసి విసిగిపోయాను. చాలా ఊళ్లలో కూర్చుని ప్లానులు రాయించినవాడిగా, ఎలా చేస్తే పని జరుగుతుందో చెప్తాను.

ముందు ఐదుగురిని పోగుచేయండి. ఐదుగురే, ఆరో మనిషి వచ్చాడంటే అది మీటింగ్ అయిపోతుంది. అందులో ఒక ఆటో డ్రైవరు, కూలికి పోయే ఒక ఆడమనిషి, బడిపిల్లలను రోడ్డు దాటించే టీచరో ఆయానో తప్పక ఉండాలి. ఒక లాంగ్ నోటుపుస్తకం, టేపు, ముగ్గుపిండి, ఫోనులో స్టాప్‌వాచ్, అంతే సామాను.

తర్వాత ఊరి రోడ్డు బొమ్మ పెద్ద చార్టు మీద గీసి, గత మూడేళ్లలో ఎవరు ఎక్కడ పడ్డారో చుక్కలు పెట్టండి. చావుకు ఎరుపు, కాలో చెయ్యో విరిగితే నీలం. ఫోనులో మ్యాప్ ఉంది కదా, చార్టు ఎందుకు అని కుర్రవాళ్లు అంటారు. ఫోను ఒకరి చేతిలో ఉంటుంది, చార్టు నలుగురి ముందు ఉంటుంది. చార్టు ముందు కూర్చున్న ముసలాయన "ఆడ కాదప్పా, వేపచెట్టుకు ఇవతల" అంటాడు. ఆ పది గజాల తేడాలోనే విషయమంతా ఉంటుంది. దగ్గరున్న కిలోమీటరు రాయి నంబరు ప్రతి చుక్క పక్కనా రాయండి. పోలీసులకైనా, ఇంజినీర్లకైనా వేపచెట్టు అక్కర్లేదు, రాయి నంబరు కావాలి.

ఇక అందరూ పాడుచేసేది కారణం పట్టుకునే దగ్గర. దీనికి తొందర పనికిరాదు.

ఎవరిని అడిగినా చెప్పేది ఒకటే: "లారీలోళ్లు స్పీడుగా వస్తారు", లేదంటే "వాడు తాగినాడు". అది నిజమే కావచ్చు, కానీ అక్కడితో ఆగితే మీ చేతిలో చేయడానికి ఏమీ మిగలదు. డ్రైవర్లు రోజుకు వేలమంది మారతారు, రోడ్డు ఒక్కటే ఉంటుంది. అందుకే చుక్కలు ఎక్కువ పడ్డ చోటికి, ప్రమాదాలు జరిగిన వేళకే వెళ్లి నిలబడాలి. మధ్యాహ్నం జీపులో వచ్చి, దిగి, ఫోటో తీసుకుని పోయే తనిఖీలు ఎన్నో చూశాను. సాయంత్రం ఏడింటికి చచ్చినవాడు ఎందుకు చచ్చాడో మధ్యాహ్నం ఒంటిగంట ఎండలో ఎట్లా తెలుస్తుంది?

గుత్తికి ఇవతల ఒక ఊరి క్రాస్‌లో మూడు సాయంత్రాలు నిలబడ్డాం. ఊరు ఒకవైపు, చేలు ఇంకోవైపు, మధ్యలో డివైడర్‌కు సందు. అందరూ వేగమే అన్నారు. మొదటి రోజు మాకూ అదే కనిపించింది. రెండో రోజు ఆరున్నరకు బస్సు వచ్చి సరిగ్గా ఆ సందు ఎదురుగా ఆగింది. నెత్తిన గడ్డిమోపుతో ఒకావిడ దిగి, బస్సు ముందునుంచి నడిచి రెండో వరుసలోకి కాలు పెట్టింది. బస్సును దాటుతూ వచ్చిన కారు ఆమె కొంగుకు మూరెడు దూరంలో పోయింది. ఆ కారువాడికి ఆమె కనిపించే వీలే లేదు, ఆమెకు కారు కనిపించే వీలూ లేదు. ఇద్దరి మధ్య బస్సు గోడలా నిలబడి ఉంది. మా చార్టులో ఐదు చుక్కల్లో నాలుగు బస్సు దిగినవాళ్లవే! అన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు. బస్సు ఆగే చోటును సందు దాటాక నలభై మీటర్లు ముందుకు జరిపించమని అడిగాం. అప్పుడు దిగినవాళ్లు బస్సు వెనకనుంచి, వచ్చే బండ్లను చూస్తూ దాటతారు. ఒక బోర్డు, కాస్త సిమెంటు ఖర్చు. ఆ బోర్డు జరపడానికి ఒక ఆఫీసు మమ్మల్ని ఏడు నెలలు తిప్పింది, ఆ ఏడు నెలల్లో ఇంకొకరి కాలు పోయింది. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

కాబట్టి నిలబడ్డప్పుడు ఇవి చూడండి: ఎవరికి ఎవరు కనిపించడం లేదు? మలుపులో కంపచెట్లు అడ్డమా? పొద్దు గూకేటప్పుడు ఎండ డ్రైవరు కళ్లలో పడుతోందా? లైటు స్తంభం ఉన్నా వెలుగుతోందా? యూటర్న్ దూరమని బైకులు ఎదురుదారిలో వస్తున్నాయా? తృటిలో తప్పినవి కూడా రాయండి, అవి రేపటి చుక్కలు.

వేగం కొలవాలంటే రోడ్డు అంచున 50 మీటర్లు కొలిచి రెండు చోట్ల ముగ్గుపిండితో గీతలు పెట్టండి. ఆ దూరం 3 సెకన్లలో దాటిన బండి గంటకు 60 కిలోమీటర్లతో, 2 సెకన్లలో దాటింది 90తో పోతున్నట్టు. వంద బండ్లు కొలిస్తే చాలు.

స్పీడ్ బ్రేకర్ సంగతి. దయచేసి మొదట దాన్ని అడగొద్దు. జాతీయ రహదారి మీద దాన్ని వేయరు, అక్కడ వేసేది రంబుల్ స్ట్రిప్స్, అంటే రోడ్డుకు అడ్డంగా వరసగా వేసే, బండిని కుదిపే తక్కువ ఎత్తు పట్టీలు. ఊరి రోడ్డు మీద వేసినా కొలత ఉంది: రోడ్ల కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, నున్నటి వంపు, ముందు బోర్డు, పైన తెల్లగీతలు. మన ఊళ్లలో వేసేది అడుగు వెడల్పు మట్టికట్ట. రాత్రి అది కనబడక బైకు మీద వెనక కూర్చున్నావిడ ఎగిరిపడుతుంది, లోపల కాన్పు నొప్పులు పడే మనిషితో 108 దాని మీద ఎగురుతుంది.

అర్జీ ఒక పేజీ, ఒక కోరిక. పది కోరికలు రాస్తే ఒక్కటీ చేయరు. జాతీయ రహదారి అయితే ఎన్‌హెచ్‌ఏఐ (జాతీయ రహదారుల సంస్థ) ప్రాజెక్టు డైరెక్టరుకు, రాష్ట్ర రహదారి అయితే ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ)కి, ఊరి రోడ్డు అయితే పంచాయతీరాజ్ ఇంజినీర్లకు రాయాలి. ఎవరికి రాసినా ఒక కాపీ కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి పోవాలి. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చి రశీదు తీసుకోండి. జాతీయ రహదారి మీద అర కిలోమీటరు లోపల మూడేళ్లలో చావులో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు 5 జరిగినా, 10 మంది చనిపోయినా ప్రభుత్వ లెక్కలో అది బ్లాక్ స్పాట్, అంటే పదేపదే ప్రమాదాలు జరిగే చోటు. మీ చార్టు ఆ లెక్కకు చేరితే మొదటి వాక్యంలోనే రాయండి. చేరకపోతే చేరేదాకా ఆగమని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు.

అర్జీ తిరుగుతుండగా ఊరు తన చేతిలో ఉన్నవి చేసుకోవాలి. కంప కొట్టించండి. ట్రాక్టర్ ట్రాలీలకు, బండలు మోసే బండ్లకు వెనక రేడియం స్టిక్కర్లు వేయించండి. రోడ్డు మీద ధాన్యం ఆరబోసినవాళ్లు చుట్టూ పెట్టిన రాళ్లను పొద్దుగూకేలోపు తీసేయాలి. ఇందులో మొహమాటం వద్దు, ఆ రాళ్లకు తగిలి తల పగిలేది పక్కూరి పిల్లవాడికే. వేరుశెనగ పీకే రోజుల్లో ఆటోలో పదిహేనుమంది కూలీలను కుక్కి తెచ్చే రైతుతో కూడా ముందే మాట్లాడండి.

ప్రమాదం జరిగితే 108కి, జాతీయ రహదారి మీద 1033కి ఫోను చేయండి. సాయం చేసినవాడిని పేరు చెప్పమని పోలీసులు బలవంతం చేయకూడదు, మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ కింద పెట్టిన నియమాలు అదే చెప్తాయి. పడిపోయిన బండి వెనకవాళ్లకు దూరంనుంచే కనబడేలా టార్చి పట్టుకుని ఒకరు రోడ్డు అంచున నిలబడాలి. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో రోడ్డు మీద పడి ఉన్న బైకును బస్సు గుద్ది, మంటలంటుకుని 19 మంది ప్రయాణికులు కాలిపోయారు.

మార్పు జరిగిన ఆరు నెలలకు అదే చోట, అదే వేళకు మళ్లీ నిలబడి వంద బండ్లు కొలవండి. నోటుపుస్తకం మాత్రం ఊరి సచివాలయంలో పెట్టకండి, అక్కడివాళ్లు బదిలీ అయి పోతారు. క్రాస్‌లో టీ కొట్టాయన దగ్గర ఉంచండి, ఏది జరిగినా మొదట తెలిసేది ఆయనకే.