బీరువా తాళం మీ దగ్గరుంటే

మా హైస్కూల్లో లైబ్రేరియన్ పోస్టు లేదు. చాలా జిల్లా పరిషత్ స్కూళ్లలో ఉండదు. తెలుగు టీచర్ని కాబట్టి బీరువా తాళం నా చేతికొచ్చింది. మీ స్కూల్లోనూ అది మీకే అంటగట్టి ఉంటే, ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలకి ఏ పుస్తకం ఎలా ఇవ్వాలో నాకు తెలిసినంతలో చెప్తాను.

ముందు అట్టల సంగతి. గోధుమరంగు కాగితం చుట్టి నంబరు రాసిన పుస్తకాలన్నీ ఒకేలా ఉంటాయి. బాపు బొమ్మ ఆ కాగితం కింద ఉండి ఎవరికి లాభం? అట్టలు తీసేయండి. పాడవుతాయని భయముంటే లోపలి బొమ్మ కనపడే ప్లాస్టిక్ కవర్లు వేయండి. మధ్యాహ్న భోజనాలయ్యాక వరండాలో బల్ల వేసి ఓ పాతిక పుస్తకాలు ముఖచిత్రాలు పైకి పెట్టి పరచండి. అంతకు మించొద్దు. బీరువా మొత్తం తెరిచి చూపిస్తే పిల్లలు అన్నిటికంటే సన్నగా ఉన్నది లాక్కుని వెళ్లిపోతారు.

"నీకెలాంటి పుస్తకాలిష్టం?" అని అడిగితే "మీరేదిస్తే అదే మేడమ్" అంటారు. అది మర్యాదే తప్ప జవాబు కాదు. "ఈమధ్య రెండోసారి కూర్చుని చూసిన సినిమా ఏంటి?" అనడగండి. నోరు విప్పుతారు. దెయ్యాల సినిమా అనేవాళ్లుంటారు, కామెడీ బిట్లు అనేవాళ్లుంటారు, ఇంట్లో అమ్మా నాన్నలు గొడవపడే కథలే నచ్చుతాయని గొంతు తగ్గించి చెప్పే అమ్మాయిలూ ఉంటారు. అక్కడ్నుంచి మీ పని మొదలు.

పుస్తకం చేతికిచ్చేటప్పుడు మాట్లాడే నాలుగు ముక్కలే కీలకం. "ఇది గొప్ప నవల, అందరూ చదవాల్సింది" అన్నారంటే ఆ పుస్తకం చచ్చినట్టే. తెలుగు టీచర్ పుస్తకం ఇస్తోందంటేనే వాళ్లకి మార్కుల వాసన వస్తుంది. పదో తరగతిలో ఉపవాచకంగా రామాయణాన్నే ప్రశ్నలూ జవాబులుగా బట్టీ పడుతున్న పిల్లలు మరి! డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' ఇచ్చేటప్పుడు నేను చెప్పేది ఇంతే: "ఒక ముసలాయన పందుల్ని మేపుకుంటాడు. ఈనబోతున్న పంది ఒకటి తప్పిపోయింది. పొద్దుగూకే వేళ దాన్ని వెతుక్కుంటూ అడవిలోకి పోయాడు. మిగతాది ఆ ఒక్క రాత్రి." అక్కడ ఆపేస్తాను. "దొరికిందా మేడమ్?" అని అడగనివాడు ఇంతవరకు తగల్లేదు. పుస్తకం పల్చగా ఉండటం ఇంకో సుగుణం. రాసినాయన కుష్ఠు రోగులకి వైద్యం చేసిన డాక్టరని చెప్తే వెనక అట్ట తిప్పి చూస్తారు.

ఇలా నాలుగు ముక్కలు చెప్పాలంటే ఆ పుస్తకం మీరు చదివి ఉండాలి. అన్నీ పూర్తిగా చదివే తీరిక ఎవరికీ ఉండదు. కనీసం మొదటి పదిహేను పేజీలూ, మధ్యలో ఒక ఘట్టమూ చదవండి. చదవకుండా మెచ్చుకుంటే పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

ఇప్పుడు రిజిస్టరు. పేరు, తరగతి, తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ ఎలాగూ ఉంటాయి. పక్కన ఇంకో గడి గీయండి: 'ఆపిన పేజీ'. చదవడం పూర్తి చేయకపోతే ఏ పేజీలో ఆపేశారో రాయమనండి. ఎందుకని మాత్రం అడక్కండి. తప్పుబట్టరని తెలిస్తే నిజమే రాస్తారు. నాకు ఏ సమీక్షా నేర్పనిది ఈ గడి నేర్పుతోంది. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టర్ పార్వతీశం' చూడండి. మొదటి భాగం 1924లో వచ్చింది. మన తరం పొట్ట పట్టుకుని నవ్వుకున్న పుస్తకం. మా పిల్లలు మాత్రం ఒకరి తర్వాత ఒకరు మొదటి పేజీల్లోనే ఆగిపోయేవారు. మొగల్తూరు వర్ణన, పాతకాలపు నడక వాళ్లకి ఎక్కట్లేదు. అందుకని నిడదవోలు రైలు ఘట్టం దగ్గర ఒక కాగితం ముక్క పెట్టి, "ఇక్కడ్నుంచి మొదలెట్టు, నచ్చితే వెనక్కి వెళ్లు" అని ఇస్తున్నాను. మద్రాసులో టోపీ కొనే దగ్గరికొచ్చేసరికి పక్కవాడికి చదివి వినిపిస్తున్నారు. మూడు భాగాలూ ఒకేసారి ఇవ్వొద్దు, మొదటిది చాలు.

పెద్ద పుస్తకానికి జడిసే పిల్లలకి కథల సంపుటాలే దిక్కు. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు'లో ఒక్కో కథా నాలుగైదు పేజీలు; పీరియడ్లో పది నిమిషాలు మిగిలితే ఒకటి పైకి చదివేయొచ్చు. అల్లరి అబ్బాయిలకి మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' ఇవ్వండి. నెల్లూరు యాసలో, ఒక ముస్లిం ఇంటి కుర్రాడి చిన్నతనం. పుస్తకంలో తమ ఇంటి మాటలు కనపడితే మస్తాన్లూ ఖాజాలూ ఎలా ముందుకు జరిగి కూర్చుంటారో చూడాలి. సోమరాజు సుశీల 'ఇల్లేరమ్మ కథలు' అమ్మాయిలకనే ముద్ర వేయకండి. మా దగ్గర అబ్బాయిలే ఎక్కువ నలిపారు. సైన్సు పిచ్చి ఉన్నవాళ్లకి మహీధర నళినీమోహన్ ఉన్నారు, 'పిడుగు దేవర కథ' దగ్గర మొదలుపెట్టండి.

ఇక తెలుగు కూడబలుక్కుని చదివే పిల్లలు. ఇంగ్లీషు మీడియం వచ్చాక వీళ్లు ప్రతి సెక్షన్లోనూ ఉన్నారు. తొమ్మిదో తరగతి వాడికి అందరి ముందూ చిన్నపిల్లల బొమ్మల పుస్తకం ఇస్తే మళ్లీ మీ బల్ల దగ్గరికి రాడు. "మీ చెల్లి మూడో క్లాసు కదా, దానికి చదివి వినిపించు" అని ఇవ్వండి. పరువు దక్కుతుంది, చదవడమూ అవుతుంది. హైదరాబాద్ తార్నాకలోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లు వేసే చిన్న పుస్తకాలు దీనికి సరిగ్గా సరిపోతాయి. పాత 'చందమామ' బౌండు ఎక్కడైనా దొరికితే వదలకండి. బేతాళ కథ ఒకటి మీరే చదివి, బేతాళుడు ప్రశ్న అడిగే దగ్గర పుస్తకం మూసేయండి. జవాబు కోసం తర్వాతి పేరా వాళ్లే చదువుకుంటారు, ఎంత నెమ్మదిగానైనా సరే.

ఇంట్లోంచి అమ్మ దాచుకున్న యండమూరి నవలలు బ్యాగులో తెచ్చుకునే అమ్మాయిలుంటారు. కొంతమంది టీచర్లు లాగేసుకుంటారు. నేను లాక్కోను. 'తులసిదళం' ఆపకుండా చదివిన పిల్ల మూడొందల పేజీల పుస్తకానికి భయపడదని రుజువైనట్టే కదా. అదయ్యాక, అలెక్స్ హేలీ నవల 'రూట్స్'ని సహవాసి తెలుగు చేసిన 'ఏడు తరాలు' ఇవ్వండి. అందులో హింస ఉంది, బానిసల ఓడ ఘట్టం కలతపెడుతుంది. ఇచ్చేముందు ఆ మాట చెప్పండి. చలం పుస్తకాల్ని మాత్రం బల్ల మీద పెట్టను. ఇంటర్ కెళ్లాక వాళ్లే వెతుక్కుంటారు.

పుస్తకం వెనక్కిచ్చినప్పుడు ప్రశ్నలు వేయకండి. "నీతి ఏంటి, ఏం నేర్చుకున్నావ్?" అసలే వద్దు. "తర్వాత ఇది ఎవరికివ్వమంటావ్?" అని మాత్రం అడగండి. ఒక పేరు చెప్తారు, ఆ పేరుగలవాడు మర్నాడు వస్తాడు. మీరు వంద చెప్పినా స్నేహితుడు చెప్పిన ఒక్క మాటకి సాటిరాదు.

పోయే పుస్తకాల గురించి టెన్షన్ అందరికీ ఉంటుంది. తాళం తీయని బీరువాల్లో సగం ఈ భయంతోనే మూతబడి ఉన్నాయి. హెచ్చెమ్ గారితో ఏడాది మొదట్లోనే మాట్లాడి, కొన్ని పోతాయనీ చిరుగుతాయనీ ఒప్పించుకుని, అది రిజిస్టర్లో రాయించండి. ఎక్కువ తిరిగే పుస్తకాలు రెండేసి కాపీలు కొనండి. జనవరిలో విజయవాడ, డిసెంబర్లో హైదరాబాద్ పుస్తకాల పండక్కి వెళ్తే తగ్గింపు ధరకి దొరుకుతాయి.

పదో తరగతికి వచ్చేసరికి "కథల పుస్తకాలేంటి ఇప్పుడు" అని ఇళ్లలో గోల మొదలవుతుంది. సంక్రాంతి తర్వాత నేనూ ఒత్తిడి చేయను. అడిగినవాళ్లకి చిన్న కథలు ఇస్తాను, అంతే. పరీక్షలయ్యాక ఫలితాలొచ్చేదాకా వాళ్లకి పనేమీ ఉండదు, అప్పుడివ్వండి. ఆఖరి పరీక్ష రోజున గేటు దగ్గర పుస్తకాల సంచీతో నిలబడితే తలా రెండు పట్టుకెళ్తారు. తిరిగివ్వడానికి గడువు పెట్టక్కర్లేదు. టీసీ కోసం ఎలాగూ వస్తారు.