హాస్యం రాయడం నేర్చుకుందాం – 5: తలకిందుల వాదం

పోయిన పాఠంలో అతిశయోక్తి చూశాం. ఈసారిది కాస్త చిక్కుపని. ఒప్పుకోలేని మాటని కాదనలేకుండా చెప్పాలి.

ఇందులో గిరీశాన్ని మించిన మేష్టారు లేడు. మనం ఇవాళ చదువుతున్న 1909 నాటి ‘కన్యాశుల్కం’లో, శిష్యుడు వెంకటేశానికి అతను ఒక కొత్త ఆలోచన చెప్తాడు. నా మాటల్లో సారాంశం ఇది: నాగరికతకి నిగ్గు వితంతు వివాహం. అది జరగాలంటే పడుచు వితంతువులుండాలి. వాళ్లుండాలంటే బాల్యవివాహాలు జరగాలి. కాబట్టి బాల్యవివాహాలు లేకపోతే నాగరికతే ఆగిపోతుంది!

ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి చూడండి. మొదటిది సంస్కర్తలు అనేదే. తర్వాతి రెండూ కాదనలేం. మెట్టు ఎక్కడా జారలేదు, దిగితే మాత్రం బావి! సమస్య పోవడానికి పరిష్కారం కావాలని అందరూ అంటారు. పరిష్కారం బతకడానికి సమస్య కావాలని గిరీశం తిరగేశాడు.

ఇంతటితో అయిపోతే అది తెలివైన జోకు, అంతే. గురజాడ ఆ మాట ఎవరి చెవిన వేయించాడో చూడండి. వెంకటేశం అక్క బుచ్చమ్మ పడుచు వితంతువు. చివరికి గిరీశం లేవదీసుకుపోయేది ఆమెనే. చెల్లెలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టాలని తండ్రి చేసిన బేరం మీకు తెలిసిందే. వాదంలోని వితంతువులు ఆ ఇంట్లోనే ఉన్నారు. సంస్కరణ పేరు చెప్పుకుని బతికేవాడికి దురాచారం పోతే నష్టమన్న నిజం కూడా, పాపం, తనకి తెలియకుండానే కక్కేశాడు.

కొత్తగా రాసేవాళ్లు ఇలాంటి మాటని మంచివాడి నోట పెట్టేస్తారు. అప్పుడది వ్యాసమైపోతుంది. మాట్లాడేవాడికి ఆ మాటలో లాభం ఉండాలి, తన వాదం మీద పూర్తి నమ్మకమూ ఉండాలి. పాత్ర కన్ను గీటిందా, పని చెడినట్టే.

అభ్యాసం: ఎండాకాలంలో ఒక వాటర్ ట్యాంకర్ ఓనరు ఇలా అంటున్నాడు. “వానల కోసం పూజకి పెద్ద చందా నాదేనండీ. కానీ వానలు పడితే బోర్లు నిండుతాయి. బోర్లు నిండితే నాకు బేరాలుండవు. బేరాల్లేకపోతే వచ్చే ఏడు చందా ఎవరిస్తారు? దేవుడి మీద భక్తి నిలవాలంటే వాన పడకూడదు మరి!”

ఇది ఎవరితో అంటున్నాడో కావాలనే ఖాళీగా వదిలేశాను. పూజారితో అన్నట్టు ఒకసారి, బిందెతో క్యూలో నిలబడ్డ ఆవిడతో అన్నట్టు ఇంకోసారి రాయండి. వాళ్ల జవాబు కూడా ఒక్క వాక్యంలో రాయాలి. వచ్చే పాఠం ఆ జవాబుతో మొదలుపెడదాం.