తప్పును చెప్పే సందేశం కనిపిస్తుంది, స్క్రీన్ రీడర్ చదవదు: నా అనుభవం

నా వెబ్ ఫారంలో సబ్మిట్ నొక్కగానే "పాస్‌వర్డ్‌లో కనీసం 8 అక్షరాలు ఉండాలి" అని ఎర్రగా వస్తుంది. స్క్రీన్ రీడర్ (తెరమీది పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) మాత్రం ఉలకదు, పలకదు.

సందేశపు డివ్ (పేజీ కోడ్‌లో ఒక పెట్టె)కు ఏరియా-లైవ్ (aria-live) విలువను పొలైట్ (చదువుతున్నది అయ్యాక చెప్పు) నుంచి అసర్టివ్ (మధ్యలో ఆపి చెప్పు) చేయడం, బ్రౌజర్ మార్చడం, క్యాష్ తుడవడం: అన్నీ దండగే.

అసలు చిక్కు ఇదీ: సందేశమూ, దాన్ని మోసే లైవ్ రీజియన్ (లోపల మార్పు వస్తే స్క్రీన్ రీడర్ దానంతటదే చదివే భాగం) డివ్వూ ఒకేసారి పేజీలోకి వస్తున్నాయి. స్క్రీన్ రీడర్ పట్టుకునేది అప్పటికే ఉన్న రీజియన్‌లోని మార్పుని.

ముందుగా పేజీ లోడ్‌లోనే ఖాళీ డివ్ పెట్టి, దానికి ఏరియా-లైవ్ పొలైట్ ఇచ్చాను. డిస్‌ప్లే నన్‌తో (display: none) దాచకూడదు. దాస్తే యాక్సెసిబిలిటీ ట్రీలోంచే (స్క్రీన్ రీడర్‌కు బ్రౌజర్ అందించే పేజీ రూపంలోంచే) పోతుంది, మళ్లీ మొదటికొస్తాం. సబ్మిట్‌లో ముందు డివ్‌ను ఖాళీ చేసి, 100 మిల్లీసెకన్లు ఆగి సందేశం రాశాను. ఖాళీ చేయకపోతే అదే తప్పు రెండోసారి చేసినప్పుడు పాఠం మారదు కాబట్టి మళ్లీ మౌనమే. చివరగా తప్పున్న పాస్‌వర్డ్ గడికి ఏరియా-ఇన్‌వాలిడ్ (aria-invalid, ఇందులో తప్పుంది అనే గుర్తు) ట్రూ పెట్టి, ఏరియా-డిస్క్రైబ్డ్‌బైతో (aria-describedby, వివరణ ఎక్కడుందో చెప్పేది) సందేశపు ఐడీ కలిపాను. ఆ గడిలోకి వెనక్కి వచ్చినవాళ్లకు మళ్లీ వినిపిస్తుంది.

ఎన్‌వీడీఏ (విండోస్ స్క్రీన్ రీడర్), ఫైర్‌ఫాక్స్ జోడీలో నిలకడగా పనిచేస్తోంది. 100 అనేది ఉజ్జాయింపు అంకె, వాయిస్‌ఓవర్‌లో (యాపిల్ స్క్రీన్ రీడర్) పెంచాల్సి రావచ్చు. సబ్మిట్ తర్వాత ఫోకస్‌ను (టైపింగ్ చేరే చోటును) గడిలోకి జరిపే ఫారాల్లో మాత్రం సందేశం రెండుసార్లు వినిపించవచ్చు. అక్కడ లైవ్ రీజియన్ తీసేయడమే మేలు.