బోణీ సరిగ్గా కాలేదా? నాలుగు గళ్లు గీయండి

పొద్దున్నే అరువు బేరం తగిలితే ఆ రోజంతా మందమేనని ఒడిశా రాయగడ జిల్లాలోని మా గుణుపురం బజారులో చాలామంది మొదటి గిరాకీని వెనక్కి పంపేస్తారు. నమ్మకం నిజమో కాదో తేల్చుకోవడానికి నేను వాడుతున్న పద్ధతి ఇది.

నోటుపుస్తకంలో ఒక పేజీని నాలుగు గళ్లు చేయండి. ఎడమవైపు నగదు బోణీ, కుడివైపు అరువు బోణీ. పైన మంచి అమ్మకం, కింద మందం. ఎంత వస్తే మంచి అమ్మకమో ముందే రాసి పెట్టుకోవాలి, 3,000 అనుకుంటే 3,000 రూపాయలే. బోణీ ఏదో పొద్దున్నే రాసేయండి. రాత్రి రాస్తే మనసు తనకు కావలసినట్టు గుర్తు చేసుకుంటుంది. కొట్టు కట్టేటప్పుడు సరైన గడిలో ఒక గీత చాలు. సంత రోజుకు వేరే పేజీ పెట్టండి, ఆ రోజు గిరాకీకి బోణీతో పనిలేదు.

రెండు నెలలయ్యాక గీతలు కాదు, పాళ్లు చూడండి. నగదు బోణీ 40 రోజుల్లో 24 మంచివి, అరువు బోణీ 10 రోజుల్లో 6 మంచివి అయితే రెండూ నూటికి 60 పాళ్లే. మనకు గుర్తుండేది మాత్రం అరువు బోణీ నాటి ఆ నాలుగు చెడ్డ రోజులే!

జ్వరానికి, పాము కాటుకు మాత్రం ఈ గళ్లు వద్దు. మన రాయగడ వైపు మలేరియా ఎక్కువ. తాయెత్తు పనిచేస్తుందో లేదో చూద్దామని ఆగకుండా ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. పాము కరిస్తే నేరుగా ఆసుపత్రికే.