అల్లాయ్ వీల్ కొనేముందు బోర్లా తిప్పి చూడండి

హైదరాబాద్ లక్డీకాపూల్‌లో అయినా, రాణిగంజ్‌లో అయినా షాపులో అల్లాయ్ వీల్స్ ముఖాలు బయటికి పెట్టి వరసగా తగిలించి ఉంటాయి. డైమండ్ కట్, గన్‌మెటల్, మ్యాట్ బ్లాక్... కళ్లు అక్కడే ఆగిపోతాయి. వీల్ ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పేది మాత్రం దాని వెనక వైపు. రేటు సంగతి తర్వాత, ముందు "అన్నా, ఒకటి దించి బోర్లా పెట్టు" అనండి. టార్చి, వెర్నియర్ కాలిపర్, లగేజీ తూచే చిన్న కాటా, మీ కారు నట్టు ఒకటి వెంట తీసుకెళ్లండి.

అచ్చులో పోసిన అక్షరాలు

స్పోకుల వెనకా, మధ్య రంధ్రం చుట్టూ సైజు, ఆఫ్‌సెట్ (వీల్ మధ్యగీత నుంచి కారుకి ఆనే ముఖం ఎంత దూరమో), గరిష్ఠ లోడు, తయారైన నెల, సంవత్సరం, తయారీదారు గుర్తు ఉండాలి. 15×6జే (15 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల వెడల్పు), ఈటీ 45 (ఆఫ్‌సెట్ 45 మి.మీ.), మ్యాక్స్ లోడ్ 560 కేజీ, ఇలా. ఇవి పోతలోనే వచ్చి ఉండాలి, లేదా లోతుగా చెక్కి ఉండాలి. స్టిక్కర్ మీద రాసింది లెక్కలోకి రాదు.

వీటిలో చాలామంది వదిలేసేది లోడు. లెక్క తేలికే. కారు పూర్తి లోడుతో ఎంత బరువుండొచ్చో మాన్యువల్‌లో ఉంటుంది. దాన్ని నాలుగుతో భాగించి, ముందు ఇరుసు మీద ఎక్కువ బరువు పడుతుంది కాబట్టి ఇంకో 20 శాతం కలపండి. 1,700 కేజీల కారుకి 425, దాని మీద 85, మొత్తం 510 కేజీలు. వీల్ మీద అంతకంటే తక్కువ రాసి ఉంటే, లేదా అసలు ఏమీ రాయకపోతే, డిజైన్ ఎంత నచ్చినా వద్దు.

జేడబ్ల్యూఎల్ అక్షరాలు కనబడగానే మురిసిపోకండి. అది జపాన్ ప్రమాణానికి తగ్గట్టు చేశామని తయారీదారు తనకు తాను వేసుకునే గుర్తు. పక్కన వీఐఏ కూడా ఉంటే బయటి ల్యాబ్‌లో పరీక్షలు జరిగి నమోదైనట్టు. చిక్కేమిటంటే ఫస్ట్ కాపీ మాల్ మీద రెండూ పోసేస్తారు, తయారీదారు పేరు మాత్రం ఎక్కడా ఉండదు. అలాంటి గుర్తుకి జవాబుదారీ ఎవరూ ఉండరు. మన దేశంలో కార్ల రిమ్ములకు ఐఎస్ 16192 రెండో భాగం వర్తిస్తుంది. ఐఎస్ఐ గుర్తుతో పాటు ఉండే సీఎం/ఎల్ (లైసెన్సు) నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. లైసెన్సు ఎవరి పేరున ఉంది, ఏ వస్తువుకి ఇచ్చారు, ఇంకా అమల్లో ఉందా అన్నది షాపులో నిలబడే తేల్చుకోవచ్చు.

పోత ఎలా ఉంది

బజార్లో దొరికే వీల్స్‌లో ఎక్కువ భాగం పోత వీల్స్. మంచివాటికి ఏ356 లాంటి అల్యూమినియం మిశ్రమం వాడి, పోశాక టీ6 హీట్ ట్రీట్‌మెంట్ చేస్తారు. ఆ ట్రీట్‌మెంట్ సరిగ్గా చేయని వీల్ పెళుసుగానో మెత్తగానో మిగులుతుంది. ఒకటి గుంతలో పడితే పగుల్తుంది, రెండోది పడ్డ ప్రతిసారీ వంగుతుంది. ఫ్లో ఫార్మ్‌డ్ అంటే పోసిన వీల్ బారెల్‌ను (టైరు కూర్చునే గొట్టం లాంటి భాగం) వేడి మీద రోలర్లతో సాగదీసి గట్టిపరిచింది. ఫోర్జ్‌డ్ (పోయకుండా, లోహాన్ని బలంగా నొక్కి చేసింది) పూర్తిగా వేరే సంగతి, దాని ధరా వేరే. మామూలు పోత వీల్ రేటుకి ఎవరైనా ఫోర్జ్‌డ్ అని అమ్ముతుంటే అది ఫోర్జ్‌డ్ కాదు.

టార్చిని బారెల్ లోపలి గోడకు ఆనించినంత దగ్గరగా పట్టి, వెలుగు పక్కవాటంగా పడేలా తిప్పండి. లేత్ గీతలు సన్నగా, ఒకే వరసలో కనబడాలి. సూదితో పొడిచినట్టు చిన్న చిన్న రంధ్రాలు గుంపుగా కనిపిస్తే పోతలో గ్యాస్ చిక్కుకుందన్నమాట. పెయింటు కింద అవి కొన్నాళ్లు దాగుతాయి, తర్వాత వారానికి నాలుగైదు పీఎస్ఐ చొప్పున గాలి దిగిపోతుంటుంది. టైరు షాపులో పంక్చర్ మాత్రం దొరకదు.

ఆ తర్వాత స్పోకు వెళ్లి రిమ్ముతో కలిసే మూల మీద వేలితో నిమిరి చూడండి. అక్కడ నున్నటి వంపు తగలాలి. గోరు ఆగేంత పదునైన మూల ఉంటే పగులు మొదలయ్యేది అక్కడే, ఎందుకంటే బలమంతా ఆ గీత మీదే పేరుకుంటుంది. వాల్వ్ రంధ్రం అంచున గరుకు మిగిలిందా అన్నదీ చూడండి. అంత చిన్న పని పూర్తి చేయనివాడు పెద్ద పని సరిగ్గా చేశాడని నమ్మడం కష్టం.

నాలుగింటినీ తూచండి. 15×6 పోత వీల్ సుమారు ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర కేజీలుంటుంది. మరీ తేలికైతే లోహం తగ్గించారని అర్థం. ఒకే సెట్‌లో తేడా 200 గ్రాములు దాటితే పోత ఒక్క తీరుగా లేదు. ఇక వేళ్లతో తట్టి, గంటలా మోగితే మంచిదని చెబుతుంటారు. పెద్ద పగులుంటే శబ్దం మారుతుందన్నది నిజమే కానీ, సన్న పగులు ఆ పద్ధతికి దొరకదు.

నట్టు, హబ్

ఎక్కువ ప్రమాదం ఇక్కడే ఉంది. నట్టు కూర్చునే గుంటలో (దీన్నే సీటు అంటారు) పెయింటు ఉండకూడదు, మెషినింగ్ చేసిన మెరుపు ఉండాలి. పౌడర్ కోటింగ్ మందంగా పడితే, బిగించినప్పుడు గట్టిగానే ఉన్నట్టుంటుంది. నాలుగు రోజులు నడిచాక ఆ పొర నలిగిపోయి నట్టు వదులవుతుంది. కారు హబ్‌కి (వీల్ బిగించే ఇరుసు చివర భాగం) ఆనే వెనక ముఖం విషయమూ అంతే.

ఇంకో సంగతి, నట్టు ఆకారం. బయట దొరికే అల్లాయ్‌లకు ఎక్కువగా 60 డిగ్రీల కోన్ సీటు ఉంటుంది. హోండా ఒరిజినల్ వీల్స్ నట్లు గుండ్రటి సీటువి. వాటిని కోన్ సీటులో బిగిస్తే సన్నటి గీత మీదే ఆనుతాయి. అనుమానముంటే నట్టు అంచుకి మార్కర్ దట్టంగా పూసి, చేత్తో బిగించి, విప్పి చూడండి. సీటులో రంగు చుట్టూతా పట్టీలా అంటుకోవాలి. ఒకవైపే అంటితే, లేదా సన్న గీతే పడితే, ఆ నట్టూ ఆ వీలూ జత కాదు. మరలు కూడా కలవాలి: మారుతీ కార్లకు సాధారణంగా ఎం12×1.25 (12 మి.మీ. మందం, మరకీ మరకీ మధ్య 1.25 మి.మీ.), హ్యుందాయ్, హోండా, టయోటాలకు ఎం12×1.5. కొత్త వీల్ మందంగా ఉంటే పాత నట్టుకి పట్టు చాలదు. 1.5 మరకు కనీసం ఎనిమిది చుట్లు, 1.25కి దాదాపు పది చుట్లు ఎక్కాలి.

మధ్య రంధ్రం కాలిపర్‌తో కొలవండి. స్విఫ్ట్ హబ్ 54.1 మి.మీ., హోండా సిటీది 56.1, క్రెటాది 67.1. చాలా వీల్స్‌కి అందరికీ సరిపోయేలా 73.1 పెట్టి వదిలేస్తారు, ఖాళీని హబ్ రింగ్‌తో నింపాలి. ప్లాస్టిక్ రింగ్ నడుస్తుంది కానీ టైరు విప్పినప్పుడు విరుగుతుంది. అల్యూమినియందే అడగండి.

4×100 (100 మి.మీ. వలయం మీద నాలుగు నట్లు), 4×108 రెంటికీ పనికొస్తుందని ఎనిమిది రంధ్రాలతో వచ్చే వీల్స్ ఉన్నాయి. రంధ్రాల మధ్య మిగిలిన లోహం సన్నగా ఉంటుంది కాబట్టి, ఒకే పీసీడీ (ఆ నట్ల వలయం కొలత) ఉన్న వీల్ దొరుకుతున్నప్పుడు వాటి జోలికి పోనక్కర్లేదు. పాత రంధ్రాలు పూడ్చి కొత్తగా డ్రిల్ చేసిన వీల్ అయితే ఉచితంగా ఇచ్చినా వద్దు.

మెషిన్ మీద తిప్పించండి

టైరు ఎక్కించకముందే, ఒట్టి రిమ్మును బ్యాలెన్సింగ్ మెషిన్‌కి బిగించి తిప్పమనండి. డబ్బు కట్టకముందే ఇది జరగాలి, టైరు ఎక్కాక వెనక్కి తీసుకునే షాపు అరుదు. డయల్ గేజ్ (ఊగుడు కొలిచే ముల్లు మీటరు) ఉంటే టైరు కూర్చునే బీడ్ సీటు మీద పెట్టి చూడాలి. పైకీ కిందికీ, పక్కకీ ఊగుడు 0.5 మి.మీ. లోపుంటే మంచి వీల్, 1 మి.మీ. దగ్గరికొస్తే మార్చమనండి. గేజ్ లేకపోతే ఒక పెన్నును స్టాండుకి కదలకుండా కట్టి, మొనను బీడ్ సీటుకి దగ్గరగా పెట్టి చేత్తో నెమ్మదిగా తిప్పండి. విజిటింగ్ కార్డు మందం దాదాపు 0.3 మి.మీ. ఒకచోట ఒక్క కార్డే దూరి, ఇంకోచోట నాలుగు దూరితే సంగతి తెలిసినట్టే. తేడా వస్తే రిమ్మును విప్పి, సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి చూడండి. రిమ్మును పట్టి ఉంచే మెషిన్ కోన్ వంకరగా కూర్చున్నా ఇలాగే కనబడుతుంది.

సైజు పెంచేటప్పుడు

స్విఫ్ట్‌కి 185/65 ఆర్15 బదులు 205/45 ఆర్17 టైరు వేస్తే చుట్టుకొలత పెద్దగా మారదు. కానీ టైరు పక్కగోడ ఎత్తు 120 మి.మీ. నుంచి 92కి పడిపోతుంది. వానాకాలంలో నీళ్ల కింద కుంగిన మ్యాన్‌హోల్ మూత మీద పడ్డప్పుడు ఆ తగ్గిన 28 మిల్లీమీటర్ల పని రిమ్ము అంచు చేయాల్సి వస్తుంది. ఒక అంగుళం పెంచడం మన రోడ్లకు చాలు.

సెకండ్ హ్యాండ్ వీల్స్

వీటిలో పగుళ్లు దాదాపు ఎప్పుడూ లోపలి అంచు దగ్గరే ఉంటాయి, బయటి నుంచి కనబడవు. కొత్తగా పెయింటు వేసి ఉంటే ఇంకా జాగ్రత్త. పాత కార్లు తనిఖీ చేసేవాళ్ల దగ్గరుండే, పెయింటు మందం కొలిచే కోటింగ్ గేజ్ అల్యూమినియం మీద కూడా కొలిచేదైతే తెచ్చుకోండి. మామూలు కోటింగ్ వంద, నూటయాభై మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుంది. ఒకచోట హఠాత్తుగా 500 దాటితే కింద లప్పం పెట్టారు. అనుమానమున్న చోట పెయింటు గీకించి డై పెనెట్రాంట్ (పగుళ్లను రంగుతో చూపించే స్ప్రే) కొట్టించండి. ముందు క్లీనర్, తర్వాత ఎర్ర ద్రవం, పది పదిహేను నిమిషాలు ఆగి తుడిచి, తెల్ల డెవలపర్. పగులుంటే తెలుపు మీద ఎర్ర గీత లేస్తుంది.

వెల్డింగ్ చేసిన వీల్ చూడ్డానికి బాగానే ఉంటుంది, గాలీ పట్టి ఉంచుతుంది. కానీ ఆ వేడికి చుట్టుపక్కల టీ6 గట్టిదనం పోతుంది, తర్వాతి పగులు వెల్డు పక్కన వస్తుంది. అంచు కొద్దిగా వంగితే సరిచేయించుకోవచ్చు. స్పోకు మీదో, స్పోకు మొదట్లోనో వెల్డు కనబడితే ఆ వీల్ తుక్కులోకే.

బిగించాక

హబ్ ముఖం తుప్పు వైర్ బ్రష్‌తో గీకించండి. మరలకు ఆయిలు రాయొద్దు, అదే టార్క్‌కి (తిప్పే బలం) స్టడ్ (నట్టు ఎక్కే బోల్టు) ఎక్కువ సాగుతుంది. ఎయిర్ గన్‌తో చివరిదాకా బిగించనివ్వకండి. మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి రెంచ్‌తో, ఎదురెదురు నట్ల వరసలో బిగించాలి. 50 నుంచి 100 కిలోమీటర్ల మధ్య మళ్లీ ఒకసారి చూడాలి. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద 80 నుంచి 110 వేగంలో స్టీరింగ్ వణికితే బ్యాలెన్సింగ్ చేయించండి. ఒక్క వీల్‌కి 80 గ్రాములకు మించి బరువులు పడుతున్నాయంటే టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ ఎక్కించమనండి, అప్పటికీ తగ్గకపోతే లోపం రిమ్ములోనే ఉంది. కడిగేటప్పుడు యాసిడ్ క్లీనర్ వద్దనండి, బోరు నీళ్ల తెల్ల మరకలు పోతాయి కానీ క్లియర్ కోట్ కూడా లేచిపోతుంది. బిల్లులో సైజు, తయారీదారు పేరు రాయించుకుని, ఇన్సూరెన్స్ రెన్యువల్‌లో యాక్సెసరీగా చూపించండి. చెప్పని వీల్స్‌కి క్లెయిమ్ అడిగితే ఒరిజినల్ రిమ్ము ధర దగ్గరే పేచీ మొదలవుతుంది.