నీళ్లలో దిగే ముందు ఏటినీ, సరస్సునూ అంచనా వేయడం ఎలా?

ఒడ్డున నిలబడి ఓసారి అటూ ఇటూ చూసి "నిమ్మళంగానే ఉంది, పదండి" అనేయడాన్ని అంచనా అనరు. ఈతకైనా, పడవకైనా, పిల్లలతో మోకాలి లోతున ఆడుకోవడానికైనా ముందు ఒడ్డున ఇరవై నిమిషాల పని ఉంది. ఆ ఓపిక లేనివాళ్లు గట్టు మీదే కూర్చోవడం మంచిది.

కావలసినవి: స్టాప్‌వాచ్ ఉన్న ఫోను, పది మీటర్ల తాడు, భుజం ఎత్తు కర్ర, రెండు మూడు నారింజ పండ్లు, ఒంటికి బిగుతుగా పట్టే లైఫ్ జాకెట్. కర్ర చెక్కదే కావాలి. మడిచి సంచిలో పెట్టుకునే అల్యూమినియం కర్రలు రాళ్ల సందున ఇరుక్కుంటే వంగిపోతాయి.

1. ఎగువన ఏం జరుగుతోందో తెలుసుకోండి

మీ నెత్తిన ఎండ కాస్తుంటే ఏటికి దానితో పని లేదు. ఎగువన కురిసిన వాన గంటల తర్వాత మీ రేవుకు చేరుతుంది. పైన డ్యాం ఉంటే గేట్లు ఎప్పుడు తీస్తారో కనుక్కోండి. సైరన్ మోగితే సామాన్లు సర్దుకుంటూ కూర్చోకండి, ముందు మనుషులు గట్టెక్కాలి.

2. పుల్ల గుచ్చండి

నీటి అంచున, సరిగ్గా తడి ఆగిన చోట ఒక పుల్ల గుచ్చి పావుగంట ఆగండి. పుల్ల చుట్టూ నీళ్లు చేరితే ఏరు పెరుగుతున్నట్టే, ఆ రోజుకి దిగడం లేదు. తేటగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరగడం, ఎండుటాకులు, పుల్లలు, నురగ కలిసి కొట్టుకురావడం, ఏటి హోరు మారడం కూడా అదే చెబుతాయి.

3. వడి కొలవండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. కంటికి వడి తెలియదు. వెడల్పైన ఏరు వేగంగా పోతున్నా నెమ్మదిగా ఉన్నట్టే కనిపిస్తుంది. అలలు లేని నున్నటి నీళ్లను చూసి నిలవ నీళ్లనుకుంటారు. లోతు ఎక్కువైన చోట ఎంత వడి ఉన్నా పైన నున్నగానే ఉండొచ్చు.

తాడుతో ఒడ్డు వెంట పది మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టండి. పై గుర్తుకు నాలుగైదు మీటర్ల ఎగువ నుంచి నారింజను ప్రవాహం మధ్యకు విసరండి. మొదటి గుర్తు దాటగానే వాచీ నొక్కి, రెండోది దాటగానే ఆపండి. చాలామంది ఎండుటాకో ఖాళీ ప్లాస్టిక్ సీసానో విసురుతారు. అవి నీటి మీద తేలికగా కూర్చుంటాయి కాబట్టి వాటిని గాలి తోస్తుంది, మీరు కొలిచేది గాలిని. నారింజ చాలావరకు మునిగి తేలుతుంది. ఒడ్డు పక్కన వేసినా లాభం లేదు, అక్కడ వడి సాధారణంగా తక్కువే. మూడుసార్లు వేసి, సగటు కాకుండా అన్నిటికన్నా వేగంగా వచ్చినదాన్నే తీసుకోండి. మిమ్మల్ని పడదోసేది ఆ వడే.

పది మీటర్లకు 12 సెకన్లు పట్టిందనుకుందాం. వడి సెకనుకు 0.83 మీటర్లు. దాన్ని మీరు దిగబోయే లోతుతో గుణించండి. మోకాలి లోతు, అంటే అర మీటరైతే 0.42 వస్తుంది. తొడల దాకా, 0.8 మీటర్లయితే 0.66. నా లెక్కలో పిల్లలూ వయసు మళ్లినవాళ్లూ ఉంటే 0.4 దాటకూడదు, గట్టి మనుషులకైనా 0.6 దాటకూడదు. ఏటి ప్రవాహం కొలిచే ఉద్యోగులకు ఒక పాత సూత్రం ఉంది: అడుగుల్లో లోతును సెకనుకు అడుగుల్లో వడితో గుణిస్తే 10 వచ్చిన చోట దిగకూడదు. మన కొలతల్లో అది దాదాపు 0.93. అది శిక్షణ ఉన్నవాళ్లకు పెట్టిన గీత, విహారానికి వచ్చినవాళ్లకు కాదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, వడి రెట్టింపైతే కాళ్ల మీద తోపు నాలుగు రెట్లవుతుంది. పైగా లోతును కూడా కన్ను తక్కువే చూపిస్తుంది. తేట నీళ్లలో నిటారుగా కిందికి చూస్తే మీటరు లోతు ముప్పావు మీటరులా కనబడుతుంది, ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ. అందుకే కర్ర దించి కొలవాలి. కర్ర అందని చోట, అడుగు కనబడని చోట అసలు దిగకూడదు.

లెక్క సరిపోయినా ఇంకో ప్రశ్న మిగిలే ఉంటుంది: కాలు జారితే ఎక్కడికి పోతాను? దిగువకు కనీసం వంద మీటర్లు నడిచి చూసి రండి. ఏటికి అడ్డంగా పడిన చెట్టుంటే ఆ చోటు వదిలేయండి. కొమ్మల సందుల్లోంచి నీళ్లు పోతాయి, మనిషి పోడు. చెక్‌డ్యాం ఉన్నా అంతే. ఎగువ నుంచి చూస్తే నీటికి అడ్డంగా గీసినట్టు ఒక నున్నటి అంచు, అంతే. దాని కింద తిరగబడే నీరు మనిషిని మళ్లీ మళ్లీ గోడ దగ్గరికే లాగుతుంది, లైఫ్ జాకెట్ ఉన్నా సరే. మలుపుల్లో బయటి వంక లోతుగా, వడిగా ఉంటుంది, లోపలి వంక ఇసుక మేట వేస్తుంది. దిగితే లోపలి వంకనే.

కొట్టుకుపోతే నిలబడాలని చూడకండి. రాళ్ల సందున పాదం ఇరుక్కుందా, వెనక నుంచి వచ్చే నీరు ముఖం ముందుకు ముంచేస్తుంది. వెల్లకిలా పడి, పాదాలు దిగువకు పెట్టి, చేతులతో ఒడ్డు వైపు తోసుకోండి. నడుముకు తాడు కట్టుకుని దిగే తెలివి కూడా వద్దు. తాడు బిగిస్తే నీరు మనిషిని కిందికే తొక్కుతుంది.

4. సరస్సు అయితే

ఇక్కడ చూడాల్సింది ముఖ్యంగా గాలి. వీపు మీద గాలి తగులుతూ ఎదురుగా నీళ్లు అద్దంలా ఉంటే మురిసిపోకండి. ఆ గాలి మిమ్మల్ని లోపలికి తోస్తుంది, అలలు లోపలే లేస్తాయి, తిరిగి రావడం ఎదురీతే. అక్కడక్కడా తెల్లటి నురగ తలలు కనిపిస్తే చిన్న పడవలు ఒడ్డునే ఉండాలి. నీళ్లు 15 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే ఒక్కసారిగా దూకకండి. తల మునగగానే ఊపిరి దానంతటదే లోపలికి లాగేస్తుంది.

నీళ్ల మీద ఆకుపచ్చ రంగు పోసినట్టు తెట్టు ఉంటే పుల్ల ముంచి తీయండి. దారాల్లా వేలాడితే మామూలు నాచు. పుల్లకు పెయింట్‌లా పూత అంటుకుంటే విషపు తెట్టు కావచ్చు. మనుషులే కాదు, కుక్కను కూడా దించకండి.

ఉరుము వినిపిస్తే బయటికి రావడమే. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి, మూడు సెకన్లకో కిలోమీటరు చొప్పున దూరం కట్టొచ్చు కానీ ఆ లెక్క గట్టు మీదికి వచ్చాక వేసుకోండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. మధ్యలో ఇంకొకటి ఉరిమితే లెక్క మళ్లీ మొదటి నుంచి.