పాత ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) బ్రేకులు విప్పే ముందు ఇవి చూస్కోండి

జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, గట్టి నేల మీద స్టాండ్లు వేసి మిగతా చక్రాలకి అడ్డు పెట్టండి.

అసలు భయం దుమ్ముతోనే. 1960ల నాటి బండి కదా, వెనక బ్రేక్ డ్రమ్ముల్లో పాత షూలకి (డ్రమ్ముకి రాసుకుని చక్రాన్ని ఆపే ముక్కలు) ఆస్బెస్టాస్ ఉండొచ్చు, షెడ్డుల్లో చేసినట్టు ఎయిర్ కొట్టి ఊదేస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోద్ది, అందుకే మంచి మాస్కు (సర్జికల్‌ది కాదు) పెట్టుకుని బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడిచి ఆ గుడ్డ కవర్లో కట్టేయండి.

బ్లీడ్ నిపుల్ (బ్రేకు లైన్లో గాలి తీసే చిన్న స్క్రూ) మన వైజాగ్ బీచ్ గాలికి తుప్పు పట్టేసుంటది, ముందురోజే పెనిట్రేటింగ్ ఆయిల్ (తుప్పు పట్టినవి వదులయ్యే నూనె) వేయండి, షూల మీద మాత్రం పడకూడదు. నేను తొందరపడి ఒకటి విరగ్గొట్టా.

రబ్బరు సీల్సుకి పెట్రోల్ తగలనివ్వొద్దు, ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్ డాట్ 4 రకమైతే అందులో డాట్ 5 కలపొద్దు. ఎప్పుడో మూత తీసిన డబ్బా అస్సలొద్దు, వైజాగ్ తేమంతా లాగేసుకుని ఉంటది, అరకు ఘాట్ దిగేటప్పుడు మరిగిపోయి పెడల్ కిందకి దిగిపోద్ది.